విద్యాప్రాంగణమున చెత్త



తిరుపతి పుణ్యక్షేత్రమే కాదు, విద్యానగరము కూడను. 1954వ సంవత్సరమున శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ మిచట నెలకొన్నది. 1983లో స్త్రీలకై పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. శేషాచలపాదమున నిట్టి విద్యాలయములు గలిగియుండుట రాయలసీమ భాగ్యము. ఈ భాగ్యమునకు తగినట్లు మన నడత యున్నదా యని నేడు విచారింప గోరుచున్నాము. మేము చెప్పబూనినది గొప్ప తత్త్వము గాదు. ప్రాంగణములలో నేలపై పడియుండు చెత్తను గూర్చి.

ఇది యల్పవిషయమని కొందఱు నవ్వవచ్చును. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ప్రారంభోత్సవమున, మహారాజులు కొలువుదీరియుండగా, గాంధీమహాత్ముడు విశ్వనాథాలయపు సందులలోని మాలిన్యమును ప్రస్తావించెను. గుడినే శుభ్రముగ నుంచుకొనలేనివారి స్వపరిపాలన యెట్లుండునని యాయన ప్రశ్న. 1947లో స్వరాజ్యము వచ్చినది. ప్రశ్న మాత్ర మట్లే యున్నది.

చెత్తను చూచినపుడు మనవారు చేయు పనులు రెండే: తిట్టుట, ఊడ్పించుట. ఏటికొక దినము పెద్దలు చీపుళ్లు పట్టి ఛాయాచిత్రములు తీయించుకొందురు. మఱునాటికి నేల యథాప్రకారము. జ్వరము వచ్చినవానిని తిట్టినంత జ్వరము తగ్గునా? కారణ మెఱిగి మందీయవలదా? విశ్వవిద్యాలయమునకు తగిన మార్గము పరిశోధనమే.

అది వ్యయముతో కూడిన పనియు గాదు. వసతిగృహముల వాకిళ్లు, గ్రంథాలయపు మెట్లు, బస్సులాగు చోటు, టీ అంగళ్లు, చెట్లక్రింది అరుగులు, ఇట్టి తావులు పది యెన్నుకొనుడు. హద్దులు గీచి, వారమున కొకమారు, ఒకే వేళ, ఊడ్చుటకు ముందు, పడియున్నవానిని ఎంచి వ్రాసికొనుడు. కాగితము లెన్ని? టీ కప్పు లెన్ని? చిరుతిండ్ల పొట్లము లెన్ని? చెత్తతొట్టి యెన్ని యడుగుల దూరమున నున్నది? అది నిండి పొరలుచున్నదా? ఒక నెల గడచిన పిమ్మట సగము తావులలో మార్పు చేసి, తక్కిన సగము నట్లే యుంచి, మరల నెంచుడు. పరీక్షలు, సెలవులు, వానలు లెక్కను తారుమారు చేయును గనుక, పోల్చుటకు మార్పులేని తావు లుండితీరవలెను.

1990లో అమెరికాలో చియాల్డీని మొదలగు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములలో, చెత్త పడియున్న తావునందే జనులు మఱింత చెత్త వేయుదురని తేలినది. చెత్తయే చెత్తను పిలుచును. కావున చాల ప్రోగుపడిన పిమ్మట ఊడ్చుటకంటె, పడిన వెంటనే తీయుట మేలు గావచ్చును. ఇదియు మీరు పరీక్షించి తేల్చవలసినదే.

చెత్త జాతుల నెఱుగుటయు నవసరము. కాగితపు కప్పుకు లోపల ప్లాస్టిక్కు పూత గలదు. సిగరెట్టు పీకలోని తెల్లని దూది ప్రత్తి కాదు. ప్లాస్టిక్కు జాతికి చెందిన సెల్యులోజు అసిటేటు. విస్తరాకు మట్టిలో కలియును. ఇవి యంత సులభముగ కలియవు. పాఱవేసిన కప్పులో నిలిచిన గుక్కెడు నీరు డెంగీదోమకు పురుటిల్లు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీథులు నీట మునిగినవి. దానికి చెత్తయే కారణమని మే మనము. పూడిన కాలువ ముంపును హెచ్చించుననుట మాత్రము నిజము.

2022 జూలై 1 మొదలు ఒకమారు వాడి పాఱవేయు ప్లాస్టిక్కు వస్తువులు కొన్ని దేశమంతట నిషిద్ధములైనవి. శాసన మొక్కటే చాలదు. తిరుమల కొండపై ప్లాస్టిక్కు నీళ్లసీసాలను నిషేధించిన దేవస్థానమువారు జలప్రసాద కేంద్రములలో త్రాగునీటిని గూడ చూపిరి. వద్దన్నవారే వేఱుదారి చూపినగాని జనులు వినరు. కొండపై నేర్చిన యీ పాఠము కొండక్రింద పనికిరాదా?

ఇంకొక మాట. మనము విసరిన ప్రతి పొట్లమునకు నొక నడుము వంగవలయును. ఆ నడుము పేదవానిది. తఱచుగా తరతరములనుండి మనము దూరముంచిన కులమువానిది. సమత్వమును గూర్చి తరగతిలో వ్యాసము వ్రాసి, వెలుపలికి వచ్చి పొట్లము విసరువాని చదువు ఎవరికొఱకు?

కావున విద్యార్థులారా! నెలనెల మీ లెక్కను గ్రంథాలయపు గోడపై నందఱకు కనబడునట్లు అంటింపుడు. తగ్గిన తగ్గినదనియు, హెచ్చిన హెచ్చినదనియు వ్రాయుడు. పట్టణపు పఠనమందిరములవారును తమ వీథులందు ఈ పద్ధతినే యవలంబింతురుగాక. వచ్చు సోమవారముననే మొదటి తావునకు హద్దు గీయుడు.