ఒంటికి మనమిచ్చే మర్యాద
(మా డ్రిల్లు టీచరు గారి స్మారకోపన్యాసం)



ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ టీచరు గారు మా బాలికల హైస్కూల్లో ఖోఖో, కబడ్డీ నేర్పారు. ఎనిమిదో తరగతిలో నేను ఎండలోకి రానని మొరాయించేదాన్ని. "ఇంకా నల్లబడితే పెళ్లెలా అవుతుందే?" అని ఇంట్లో రోజూ వినే మాట నా కాళ్లకు బంధం వేసింది. టీచరు గారు నన్ను కోప్పడలేదు, అందంగా ఉన్నావని బుజ్జగించనూ లేదు. "మైదానం చుట్టూ ఆగకుండా ఎన్నిసార్లు పరిగెత్తగలవో లెక్కపెట్టి చెప్పు" అన్నారు. ఆ రోజు మూడుసార్లు. పరీక్షల నాటికి పన్నెండు. నా ఒంటి గురించి నేను గర్వంగా చెప్పుకున్న మొదటి అంకె అది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ అంకెలోనే ఉంది.

బాడీ ఇమేజ్ అనే మాట ఇప్పుడు తరచు వింటున్నాం. మన ఒంటి గురించి మనసులో గీసుకునే బొమ్మ అది. వియన్నాలో పుట్టిన వైద్యుడు పాల్ షిల్డర్ 1935లోనే దీని మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆ బొమ్మను మనం ఒక్కళ్లమే గీయం. పురిటి మంచం దగ్గరే "పిల్ల ఎరుపా, నలుపా?" అని ఆరా తీసే చుట్టాలు, ముద్దుపేరనుకుని "బొండాం" అని పిలిచే బాబాయిలు, పెళ్లిచూపుల్లో "కాస్త చామనఛాయే" అని నసిగే పెద్దలు తలా ఒక గీత గీస్తారు.

ఆ గీతల మీద వ్యాపారం లేచింది. ఫెయిర్ అండ్ లవ్లీ అనే, రంగు తేలుస్తామనే క్రీము మన దేశంలో 1975లో అమ్మకానికి వచ్చింది. పేరులోంచి 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టింది 2020లో. మధ్యలో 45 ఏళ్లు. తల్లీ కూతుళ్లు ఇద్దరూ తమ చర్మాన్ని తప్పుగా చూసుకుంటూ పెరగడానికి చాలినంత కాలం.

ఇది మన ఒక్కరి గోడే కాదు. ఫిజీ దీవుల్లో నిండైన శరీరానికి గౌరవం ఉండేది. నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి బడిపిల్లలను అప్పుడే ప్రశ్నించారు. సన్నబడడానికి తిన్నది కక్కేసే పిల్ల ఒక్కతీ కనబడలేదు. 1998లో మళ్లీ అడిగితే నూటికి 11 మంది ఆ పని చేస్తున్నామన్నారు. ఒంటి మీద అసహ్యం పుట్టుకతో రాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. నేర్చుకున్నది కాబట్టే దాన్ని వదిలించుకోవచ్చు.

మరి వదిలించుకోవడానికి ప్రేరణ ఎక్కడిది? సిగ్గుపడితేనే మారతారని మన పెద్దల నమ్మకం. నా అనుభవం వేరు. సిగ్గుపడ్డ పిల్ల మైదానానికి రాదు. గ్రూపు ఫోటోలో వెనక నక్కుతుంది. బరువు చూస్తారన్న భయంతో ఆస్పత్రికి వెళ్లడమే మానుకుంటుంది. సిగ్గు మనిషిని దాస్తుందే గాని నడిపించదు.

నడిపించేది కృతజ్ఞత. నెదర్లాండ్స్‌లో జెస్సికా అలెవా బృందం తమ ఒళ్లు తమకు నచ్చని యువతుల చేత మూడు విడతలుగా, పావుగంట చొప్పున రాయించింది. ఎలా కనబడుతున్నారో రాయమనలేదు. తమ శరీరం ఏమేం చేయగలదో, అది తమకెందుకు ముఖ్యమో రాయమంది. వేరే విషయాలు రాసిన వారికన్నా వీరికి తమ ఒంటి మీద మన్నన పెరిగిందని 2015లో ప్రచురించారు. మా టీచరు గారు ఆ పరిశోధన చదవలేదు. అదే పని మైదానంలో చేయించారు.

మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరిని తలుచుకోండి. 1994, 1995లలో వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో పోటీ చేసింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. 54 నుంచి 69కి వెళ్లిన ఒంటిని పట్టుకుని ఎవరైనా "లావెక్కావు" అంటే ఎంత చిన్నమాట అవుతుంది!

అమ్మాయిలూ, ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మీ చేతులు, కాళ్లు, గొంతు ఇవాళ చేసిపెట్టిన పనొకటి రోజూ రాసుకోండి. నచ్చని రోజులూ ఉంటాయి, ఆ రోజూ రాయండి. అన్నం మానేయాలనో, తిన్నది కక్కేయాలనో అనిపిస్తుంటే మాత్రం దాచుకోకండి. నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పి డాక్టరును కలవండి. అది జబ్బు, తప్పు కాదు.

పెద్దలకు ఒక్క మనవి. సెలవులకు పిల్ల ఇంటికి రాగానే "చిక్కావు, లావెక్కావు, నల్లబడ్డావు" అనే పలకరింపు మానండి. "ఏం ఆడావమ్మా, ఏం నేర్చుకున్నావు?" అని అడగండి. మా టీచరు గారి పేరు నిలబెట్టడానికి అంతకన్నా వేరే స్మారకం అక్కర్లేదు.