పట్టాదారు, సాగుదారు: పెట్టుబడి సాయం ఎవరి ఖాతాలో?

రైతు గురించి మాట్లాడమంటే విత్తనం నుంచి మద్దతు ధర దాకా బోలెడంత ఉంది. నేను ఒక్క సంగతి దగ్గరే ఆగుతాను. ప్రభుత్వం రైతుకిచ్చే పెట్టుబడి సాయం నిజంగా ఎవరికి చేరుతోంది?

2018 మే 10న తెలంగాణలో, హుజూరాబాద్ దగ్గర శాలపల్లిలో రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకు 4 వేలు, మరుసటి ఏడు నుంచి 5 వేలు. 2018 చివర్లోనే ఒడిశా కాలియా పథకం ప్రకటించింది. 2019 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం కిసాన్ తెచ్చి, ఏడాదికి 6 వేలు మూడు విడతలుగా వేస్తోంది. ఈ పథకాలను నేను తీసిపారేయను. దుక్కి దున్నే వేళకు చేతిలో నాలుగు డబ్బులుంటే ఎరువుల షాపులో ఖాతా రాయించుకునే అవసరం కొంతైనా తగ్గుతుంది.

చిక్కు కొలతలో ఉంది. రైతుబంధుకు ఎకరమే కొలతగా ఉండేది, గరిష్ఠ పరిమితి ఉండేది కాదు. ఎకరం ఉన్నవాడికి ఏడాదికి 10 వేలు, 50 ఎకరాలున్నవాడికి 5 లక్షలు. పేద రైతు పేరు చెప్పి పెట్టిన పద్దులో పెద్ద కమతానికే పెద్ద వాటా. అక్కర లేనివారు వదులుకోండని ప్రభుత్వమే అడిగింది. వదులుకోమని బతిమాలేకన్నా మొదటే పది ఎకరాల దగ్గర గీత గీస్తే పోయేది!

ఇంతకన్నా పెద్ద చిక్కు కౌలు రైతుది. పత్తి చేలు చూడండి. కౌలు ముందే కట్టి, విత్తనం, మందులు, కూలీలు తన నెత్తినేసుకుని పండించేది ఒకరు. పత్తి ట్రాక్టర్‌కెత్తి సీసీఐ కొనుగోలు కేంద్రానికి పోతే అడిగేది పట్టాదారు పాస్‌బుక్, ఆధార్. అందుకని సరుకు యజమాని పేరున అమ్ముతారు, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత కౌలుదారు ఆయన ఇంటి చుట్టూ తిరగాలి. పెట్టుబడి సాయం ఎలాగూ పట్టాదారుకే. దాన్ని చూసి కౌలు తగ్గించే యజమానులు ఎందరుంటారో మీరే చెప్పండి. రైతుబీమాదీ అదే దారి: కౌలు రైతు అప్పులపాలై ఉరేసుకుంటే, సొంత పట్టా లేకపోతే బీమా సొమ్ము 5 లక్షలు కుటుంబానికి రావు.

యజమాని కాగితం రాసివ్వడెందుకు? దురాశ అనేస్తే తేలిక. తెలంగాణలో దీనికి 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం నుంచి వచ్చిన భయం ఉంది. రక్షిత కౌలుదార్లకు భూమి మీద హక్కులొచ్చిన కథలు ఇంకా ఊళ్లలో చెప్పుకుంటారు. అందుకే కౌలంతా నోటిమాటే. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం దీనికి దారి చూపింది: కౌలుదారుకిచ్చే గుర్తింపు కార్డు పంట రుణం వంటివాటికే, భూమి మీద హక్కు రాదు, యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందమంటూ మళ్లీ సంతకం అడిగింది. సంతకం దగ్గరే కథ ఆగిపోతుందని తెలిసీ అడిగారు. అయితే న్యాయంగా చెప్పాలంటే, వైఎస్సార్ రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు 13,500 ఇవ్వడమనే మంచి అడుగు కూడా అక్కడే పడింది. కాలియా భూమిలేని కుటుంబాలనూ లెక్కలోకి తీసుకుంది.

తెలంగాణలో 2023 ఎన్నికల హామీ కౌలు రైతులకూ ఎకరాకు ఏడాదికి 15 వేలన్నది. రైతుబంధు స్థానంలో 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా 12 వేలైంది. సాగుకు పనికిరాని భూములను తీసేశారు, బాగుంది. భూమిలేని ఉపాధి హామీ కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు, అదీ బాగుంది. కౌలుదారు మాత్రం రెంటికీ చెడ్డ రేవడి. తనకంటూ అరెకరం ఉంటే భూమిలేనివాడు కాదు, కౌలుకు చేసే ఐదెకరాలకు రైతూ కాదు.

కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. ప్రతి పంటకూ వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) సర్వే నంబర్ల వారీగా పంట నమోదు చేస్తూనే ఉన్నారు. అందులో సాగుదారు పేరు కూడా రాసి, దానివల్ల భూమి హక్కు రాదని 2011 చట్టంలో ఉన్నమాటనే అచ్చువేసి, గ్రామసభలో చదివితే చాలు. పెద్ద కమతాలకు పరిమితి పెట్టి మిగిల్చిన డబ్బు ముందుగా ఆ పేర్లకే పోవాలి. ఆ పరిమితి ఎన్ని ఎకరాలన్నదాని మీద ఈ సభలోనే గొడవ పడదాం రండి, నా లెక్క పది.