ఎయిర్‌బ్రష్ కొనేముందు ఇవి చూడండి | నా మిగ్-21 నేర్పిన పాఠం

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే, "అన్నా, స్కేల్ మోడల్స్‌కి పెయింట్ వేయడానికి ఏ ఎయిర్‌బ్రష్ కొనాలి?" అని. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందు నా కథ చెప్తాను. నాకు పోయినట్టు మీ డబ్బులు పోకూడదు.

మా బాబాయ్ ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ క్రూ. ఆయన సర్వీసు చాలావరకు మిగ్-21ల కిందే గడిచింది. 1963లో మన ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చిన ఆ విమానం 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైర్ అయింది కదా, ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. సరే, ఆయన పుట్టినరోజుకి ఒక మిగ్-21 చేసిద్దాం అనుకున్నా. 1/72 స్కేల్ కిట్, పూర్తయితే దాదాపు జానెడు ఉంటుంది. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని అతికించాను.

ఇక పెయింట్. ఆన్‌లైన్‌లో రెండు వేల చిల్లరకి పేరూ ఊరూ లేని ఎయిర్‌బ్రష్ ఒకటి కొన్నా. ఆఖరి గ్రే కోటు వేస్తుంటే "తుప్ తుప్" మని ఉమ్మడం మొదలుపెట్టింది. ఎడమ రెక్క నిండా బొట్లు! చిన్న బొట్టే కదా అనుకోకండి. 1/72 స్కేల్‌లో 1 మిల్లీమీటర్ బొట్టు అంటే, అసలు విమానం మీద 7 సెంటీమీటర్ల మచ్చతో సమానం.

దాచేలోపే బాబాయ్ చూసేశారు. మోడల్ వైపు కాదు, ముందు బ్రష్ వైపు చూశారు. లోపలి సూది బయటికి లాగి, గాజు బల్ల మీద దొర్లించారు. "చూడరా, కొన కొక్కెంలా వంగింది. పనిముట్టు ఇలా ఉంటే ఎవరి చేతైనా ఇంతే" అన్నారు. ఆ రోజు నుంచి నేను బ్రష్‌ని చూసే పద్ధతే మారిపోయింది.

ఓకే, ఇప్పుడు అసలు విషయం.

మొదటిది, డ్యూయల్ యాక్షన్ తీసుకోండి. అంటే ఏంటి? ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ఎంత లాగితే అంత రంగు. సింగిల్ యాక్షన్‌లో రంగు ఎంత రావాలో ముందే స్క్రూతో సెట్ చేసుకోవాలి, వేస్తూ వేస్తూ మార్చలేం. మొదట వారం రోజులు వేలు మాట వినదు. పాత పేపర్ మీద చుక్కలు, గీతలు వేసి ప్రాక్టీస్ చేయండి, అదే వస్తుంది.

రెండోది, పైన కప్పు ఉండే గ్రావిటీ ఫీడ్. రంగు దానంతట అదే కిందికి దిగుతుంది కాబట్టి తక్కువ గాలి చాలు, నాలుగు చుక్కల రంగుతో కూడా పని అవుతుంది. కింద సీసా ఉండేది సైఫన్ ఫీడ్. పెద్ద పనులకి బావుంటుంది, చిన్న మోడల్‌కి రంగు దండగ.

మూడోది నాజిల్ సైజు. ఒక్కటే కొనాలంటే 0.3 దగ్గర ఆగండి. 0.2 సన్నని గీతలకి బావుంటుంది, కానీ మాటిమాటికీ మూసుకుపోతుంది. 0.5 ప్రైమర్‌కి, వార్నిష్‌కి హాయి. ఇవాటా నియోలో 0.35 వస్తుంది, జీఎస్ఐ క్రియోస్ వాళ్ల ప్రొకాన్ బాయ్ పీఎస్-289లో 0.3. హార్డర్ అండ్ స్టీన్‌బెక్, బ్యాడ్జర్ కూడా మంచి పేరున్నవే. ఎవరూ నాకు డబ్బులివ్వలేదు ఫ్రెండ్స్, ప్రమోషన్ కాదు.

నాలుగోది అందరూ మర్చిపోయేది, స్పేర్ పార్ట్స్. సూది ఒకసారైనా వంగుతుంది, నాజిల్ ఒకసారైనా చిట్లుతుంది. అవి విడిగా దొరుకుతాయా అని కొనేముందే వెతకండి. దొరకకపోతే బ్రష్ మొత్తం చెత్తబుట్టకే. నాది అక్కడికే పోయింది. అలాగే లోపలి సీల్స్ టెఫ్లాన్‌వా, మామూలు రబ్బరువా అడగండి. లాక్కర్ థిన్నర్ తగిలితే మామూలు రబ్బరు ఉబ్బిపోతుంది.

చేతికి వచ్చాక రంగు పోయకండి, ముందు నీళ్లు పోయండి. కప్పులో బుడగలు వస్తున్నాయా? నాజిల్ సరిగ్గా కూర్చోలేదు, లేదా చిట్లింది. సూదిని నాలాగా గాజు మీద దొర్లించి చూడండి. ట్రిగ్గర్ ఎక్కడా పట్టేయకుండా వెనక్కీ ముందుకీ కదలాలి. తేడా ఉంటే రిటర్న్ గడువు లోపే పంపేయండి.

కంప్రెసర్ సంగతి కూడా. ట్యాంక్ ఉన్నది తీసుకుంటే గాలి ఆగి ఆగి రాకుండా ఒకేలా వస్తుంది. రెగ్యులేటర్ ఉండాలి, 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి. గాలిలో తేమ పైపులో నీళ్లయి, రంగుతో పాటు మోడల్ మీద పడుతుంది. రంగుని పాలలాగా పల్చగా కలపండి. మన ఎండాకాలంలో అక్రిలిక్ సూది కొన మీదే ఎండిపోతుంది, ఒకట్రెండు చుక్కల రిటార్డర్ వేస్తే ఆగుతుంది. పని అయ్యాక కడగకుండా నిద్రపోవద్దు. కిటికీ తెరవండి, లాక్కర్ వాడితే గుడ్డ మాస్క్ కాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి.

బడ్జెట్ తక్కువైతే? ఈ నెల కొనకండి. రెండు నెలలు ఆగండి, అప్పటిదాకా చేతి బ్రష్‌తో వేయండి. అందులో సిగ్గేం లేదు.

ఇక నా మిగ్ ఏమైందంటారా? మంచి బ్రష్ కొన్నాక ఆ రెక్క రంగు మెల్లగా తీసేసి మళ్లీ వేశాను. ఒక మూల చిన్న మచ్చ మిగిలింది. అది కూడా తీసేస్తానంటే బాబాయ్ వద్దన్నారు. "మా విమానాలకీ మచ్చలుండేవి రా, ఉండనీ" అన్నారు. ఇప్పుడది ఆయన టీవీ పక్కనే ఉంది.

మీ మొదటి ఎయిర్‌బ్రష్ కథ కామెంట్‌లో చెప్పండి. వీడియో ఉపయోగపడితే లైక్ చేసి, కొనబోతున్న ఫ్రెండ్‌కి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో సూది మార్చడం, క్లీనింగ్ కెమెరా ముందు చేసి చూపిస్తా. ఉంటాను మరి, బై.