హెన్రీ థార్న్‌టన్ లెక్కల పుస్తకము
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



1841లో బందరు వచ్చిన నోబుల్, ఫాక్స్ దొరలను మనమెరుగుదుము. వారిని పంపిన చర్చి మిషనరీ సొసైటీ 1799లో లండనులో ఏర్పడినప్పుడు దాని డబ్బు సంచి ఎవరి చేతిలో ఉన్నదో తెలిసినవారు తక్కువ. డబ్బు సంచి అనగానే మనకు యూదా గుర్తుకు వస్తాడు. ఇది వేరే సంచి. మొదటి కోశాధికారి హెన్రీ థార్న్‌టన్ అను బ్యాంకరు.

ఈయన 1760లో జన్మించారు. పార్లమెంటుకు మొదట హల్ పట్టణములో నిలువబోయి, ఓటరుకు రెండేసి గినీలు ఇవ్వాలని తెలిసి తప్పుకున్నారు. 1782లో లండనులోని సదర్క్ నుండి గెలిచి, 1815లో మరణించే వరకు అక్కడి సభ్యులుగానే ఉన్నారు. ఓటు వెల సంగతి మనకు కొత్త కాదు గనుక ఇంతటితో విడిచిపెడుతున్నాను.

1784లో బ్యాంకులో భాగస్థులయ్యారు. పెండ్లికి ముందు తన రాబడిని ఏడు పాళ్లు చేసి ఆరు పాళ్లు దానమిచ్చేవారట! 1796లో వివాహమై, తొమ్మిదిమంది పిల్లలు కలిగాక అది మూడవ వంతుకు దిగింది. దశమభాగము దగ్గరే లెక్క తెగని మనకు ఆ తగ్గిన వంతైనా పెద్దదే.

క్లాపములోని ఆయన ఇంట విల్బర్‌ఫోర్స్ మొదలైన మిత్రులు కూడి బానిస వ్యాపారము మాన్పించుటకు ఆలోచనలు చేశారు. 1807లో చట్టము వచ్చింది.

అయితే ఒక సంగతి దాచరాదు. విముక్తులైన నీగ్రోల కొరకు ఆఫ్రికాలో సియెర్రా లియోన్ కంపెనీ పెట్టి, థార్న్‌టన్ దానికి అధ్యక్షులయ్యారు. 1792లో నోవా స్కోషియా నుండి సుమారు 1,200 మంది ఓడలలో వచ్చి ఫ్రీటౌనులో దిగారు. భూమికి పన్ను ఉండదని వారికి మాట ఇచ్చారు. 1794లో ఫ్రెంచివారు ఊరిని దోచారు, కంపెనీ నష్టాలలో పడింది, పన్ను అడిగింది. ఒకప్పుడు బానిసలుగా ఉన్నవారికి శిస్తు అంటే ఏమి వినిపిస్తుంది? 1800లో వారు తిరుగబడ్డారు, ఇద్దరిని ఉరితీశారు. సొంత డబ్బు విషయములో అంత ధారాళమైన మనిషి, కంపెనీ పద్దులు చూచినప్పుడు ఆ మాటను నిలుపలేకపోయారు. ఆయనను గౌరవిస్తూనే ఇది తప్పని నేనంటాను. 1808లో ఆ వలస ప్రభుత్వము చేతికి పోయింది.

ఆయన పోయిన పదేండ్లకు, 1825లో, బ్యాంకు కూడా కూలింది. ఇంటిల్లిపాది కొరకు ఆయన వ్రాసుకున్న ప్రార్థనలు 1834లో అచ్చై, ఇంగ్లండులో అనేక కుటుంబాలలో చదువబడినవి.