హృదయలయ – విశేషవైద్య శిక్షణము

(కుల్చారమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడొకరు చేసిన ఉపన్యాసము)



మన విద్యానిధినుండి ఏ చదువునకు సహాయము చేయవలెనను విషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. సంస్కృతము చెప్పుకొని జీవితము గడపినవాడు వైద్యవిద్యను గుఱించి మాటలాడుట సాహసమని కొందఱు తలపవచ్చును. కాని నేను చెప్పదలచినది మందులను గుఱించి కాదు, శిక్షణమును గుఱించి. శిక్షణ మెంతకాలము పట్టును? దాని తుదిమెట్టుకడ ఆగిపోయినచో నష్టపడువా రెవరు? ఈ ప్రశ్నలు ఉపాధ్యాయు డడుగదగినవే.

మనము సభ చేసికొనుచున్న యీ కుల్చారము కోలాచల మల్లినాథసూరి పేరుతో ముడిపడిన గ్రామము. కాళిదాసకావ్యములను చదువుకొన్నవారు దేశమున నెందఱో యుండిరి. అయినను శతాబ్దములుగా విద్యార్థి చేతిలో మూలముతోపాటు మల్లినాథుని సంజీవని యుండుటకు కారణమేమి? చదువగలుగుట వేఱు, అన్వయింపగలుగుట వేఱు. ఏది ముందు, ఏది వెనుక, దేనికి ఏది కారణము అని నిర్ణయించువాడే వ్యాఖ్యాత. వైద్యమునందును అట్టి వ్యాఖ్యాతలు కలరు. గుండె కొట్టుకొను క్రమము తప్పినపుడు ఆ తప్పు ఎచ్చట పుట్టినదో నిర్ణయించి సరిచేయు వైద్యులను ఎలక్ట్రోఫిజియాలజిస్టు లందురు. వారి శిక్షణమే నేటి నా విషయము.

హృదయము నిమిషమునకు 60 మొదలు 100 పర్యాయములు, దినమునకు లక్షకు అటునిటుగా కొట్టుకొనును. దీనికి ప్రేరకము స్వల్పమైన విద్యుత్తు. మన ప్రాంతమువారికి దీనిని తెలుపుటకు ఘనపూరు ఆనకట్టను మించిన ఉపమానము లేదు. మంజీర నీరు ఆనకట్టకడ నిలిచి, పిదప మహబూబునహరు, ఫతేనహరు అను రెండు కాలువలుగా పొలములకు పాఱుచున్నది గదా! అట్లే కుడి పైగదియందు పుట్టిన ప్రేరణము పైగదులను వ్యాపించి, నడుమనున్న కణుపుకడ సెకనులో సుమారు పదవవంతు నిలిచి, కుడియెడమ శాఖలుగా చీలి క్రిందిగదులకు చేరును. ఆ నిలుకడ వ్యర్థము కాదు. పైగదులు తమ రక్తమును క్రిందికి పంపుకొనుటకు అది వ్యవధి.

నీరు బొత్తిగా దిగకున్న పొలమెండును. అట్లే ప్రేరణము దిగకున్న గుండె మందగించి మనుష్యుడు స్పృహతప్పి పడును. గట్టునకు గండిపడి నీరు చుట్టు తిరిగి మరల అక్కడికే వచ్చినట్లు ప్రేరణము చుట్టుదారి పట్టినచో, గుండె నిమిషమునకు 180, 200 సారులు పరుగెత్తును. పైగదులయందే ప్రేరణము సుడులు తిరిగినచో నాడి అస్తవ్యస్తమగును. అచ్చట రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయి పక్షవాతము తెచ్చును.

మన పూర్వులు నాడిని శ్రద్ధతో పరిశీలించిరి. శార్ఙ్గధరుడు నాడీగతులను సర్పము, కప్ప, హంస మొదలగువాని నడకలతో పోల్చెను. కాని నడక యెచ్చట తప్పినదో వ్రేలికి తెలియదు. 1906లో జపాను దేశీయుడు సునావో తవారా నడిమి కణుపును, 1907లో బ్రిటను దేశీయులు ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ మొదటి కణుపును వర్ణించిరి. హృదయవిద్యుత్తును గీతగా వ్రాయు యంత్రమును నిర్మించిన హాలెండు పండితుడు ఐంట్‌హోవెన్ 1924లో నోబెల్ బహుమాన మందెను. నే డూరూర ఇ.సి.జి. అని వ్యవహరించునది దాని సంతతియే. 1958లో స్వీడనునందు ఆర్నె లార్సన్ అను రోగికి మొట్టమొదట శరీరములోపల పేస్‌మేకరు అమర్చిరి. ఆ తొలి యంత్రము కొన్ని గంటలే పనిచేసినను, పెక్కు యంత్రములు మార్చుకొనుచు ఆయన 2001 వఱకు జీవించెను. 1990 ప్రాంతమునుండి, తప్పుదారిని సన్నని కాథెటరుతో వెదకి వేడిచే మూసివేయు పద్ధతి లోకమున స్థిరపడినది.

ఇక శిక్షణ మెట్టిది? ఎం.బి.బి.ఎస్. ఐదున్నర యేండ్లు, ఎం.డి. మూడేండ్లు, గుండెవైద్యమున డి.ఎం. మూడేండ్లు, వెరసి పదకొండున్నర. ఆ పిమ్మట ఫెలోషిప్పు ఒక సంవత్సరమో రెండో. అమెరికాయందును గుండెవైద్యము ముగిసిన తరువాత దీనిని ప్రత్యేకముగా నేర్చుకొని, 1992లో నారంభమైన ప్రత్యేక పరీక్షయం దుత్తీర్ణులు కావలెను.

అన్నియు నేర్చిన గుండెవైద్యునకు మరల చదువేల యని యడుగవచ్చును. రక్తనాళములు పూడుట గొట్టముల రోగము; కంటికి కనబడును. లయరోగము కాలమునకు సంబంధించిన రోగము. తొడకడ సిరనుండి సన్నని తీగలను గుండెలోనికి పంపి, ఒక్కొక తావున ప్రేరణ మెన్నడు వచ్చినదో సెకనులో వేయవవంతులతో కొలువవలెను. పైగది ముందా, క్రిందిగది ముందా? ఇదియే అచ్చటి అన్వయక్రమము. రోగము నిద్రించుచున్నచో దానిని తామే మేల్కొలిపి, చూచి, మరల శాంతింపజేయవలెను. కాల్చవలసిన తావు నడిమి కణుపునకు కొన్ని మిల్లీమీటర్ల దూరముననే యుండవచ్చును. ఒక్క క్షణము మీఱినచో కణుపు కాలి, దడ పోయి జీవితాంతము పేస్‌మేకరు వచ్చును. ఎప్పుడు కాల్చవలెనో గ్రంథము చెప్పును. ఎప్పుడు ఆపవలెనో గురువు ప్రక్కన నిలిచియే నేర్పవలెను. ఏ రోగికి తీగ పంపనక్కఱలేదో తెలియుటయు నీ శిక్షణములోనిదే.

ఈ విద్య మనకు దూరదేశమున మాత్రమే లేదు. తిరువనంతపురమున శ్రీ చిత్ర తిరుణాళ్ సంస్థయందు దీనికి ఫెలోషిప్పు కలదు. మన హైదరాబాదునందు డాక్టరు కాలంబూర్ నరసింహన్‌గారు మొదట కేర్ ఆసుపత్రియందును, పిమ్మట ఏ.ఐ.జి. ఆసుపత్రియందును ఈ శాఖను నడపి యువవైద్యులను తీర్చిదిద్దిరి. వారును సహచరులును 2011లో ప్రకటించిన పరిశోధన మనకు మిక్కిలి గమనింపదగినది. క్రిందిగదులనుండి దడ పుట్టి, గుండెబలము చక్కగానున్న కొందఱు రోగులయందు, క్షయయో సార్కాయిడోసిస్ అను వ్యాధియో గుండెకండరమున దాగియుండుటను వారు చూపిరి. అట్టివారికి మూలవ్యాధికి తగిన మందులే ప్రధానము. క్షయ విస్తారముగానున్న దేశమున రోగులను చూచి నేర్చినవానికి ఈ సందేహము ముందుగా కలుగును. బాల్యమున కీళ్లవాతజ్వరముచే కవాటము చెడి, పిదప నాడి తప్పినవారును మన పల్లెలయందు కలరు. కావున ఈ విద్య ఇచ్చటి రోగుల నడుమ నేర్చుకొనుట యవసరము.

నా పూర్వశిష్యురా లొకతె దడతో తొమ్మిదేండ్లు బాధపడినది. దడ వచ్చును, అరగంటలో పోవును. ఆసుపత్రికి పోవునప్పటికి ఇ.సి.జి. నిర్దోషముగా నుండును. ఒకచోట నరముల బలహీనత యనిరి, ఒకచోట భయమనిరి. అత్తవారు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. తుద కొక రాత్రి దడ సాగుచుండగానే ఇ.సి.జి. తీసిన పల్లెవైద్యుడు ఆ కాగితమును పట్నమునకు పంపెను. లయవైద్యుడు చూచి, పిలిపించి, ఒక్క దినమున ఆ తప్పుదారిని మూసివేసెను. తొమ్మిదేండ్ల బాధకు మందు లేక కాదు, గీతను చదువువాడు లేక.

ఇప్పుడు నా మనవి. ఎం.బి.బి.ఎస్. చేరిన బాలురను శాలువతో సత్కరించుచున్నాము; అది యుచితమే. కాని ముప్పదియేండ్లు దాటి, భార్యాబిడ్డలు గలిగి, తమ్ముల చదువుల భారము మోయుచున్న యువవైద్యునకు అసలు పరీక్ష అప్పుడు వచ్చును. వెలుపల మంచి సంపాదన పిలుచుచుండును; ఫెలోషిప్పువేతన మందులో కొద్దిభాగము మాత్రమే. ధనికుని కొడుకు నిలువగలడు, పేదయింటివాడు విడిచిపోవును. ఆ ఒక్క సంవత్సరము మన నిధి అతని యింటిని నిలుపవలెను.

“డాక్టరైనవానికి దానమేల?” అని యొక పెద్దలు నన్నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఇది దానము కాదు, ఒడంబడిక. సహాయము పొందినవారు శిక్షణానంతరము మూడేండ్లు, నెల కొకదినము ఈ ప్రాంతమునకు వచ్చి రోగులను ఉచితముగా చూడవలెను. 2024లో మెదకునందు ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. అచ్చటి యువవైద్యులకును, మన పల్లెల వైద్యులకును ఇ.సి.జి. చదువుట నేర్పవలెను. 2007లో నారంభమైన ఆరోగ్యశ్రీయందు పేస్‌మేకరు చికిత్సయు చేరియున్నది. యంత్రమునకు ధనము దొరకును. యంత్ర మెవరికి వలయునో ముందుగా గుర్తించు కన్ను కఱవు. అట్టివాడు పట్నముననే యుండిపోవునేమో యను భయమునకును ఈ ఒడంబడికయే సమాధానము. తప్పినవాడు సొమ్ము తిరిగి చెల్లింపవలెను. ఈ సహాయము స్త్రీలకును పురుషులకును సమానముగా నుండవలెను. చూడబడు రోగి మన కులమువాడా కాదా యని యడుగరాదు. నాడికి కులము లేదు.

గృహస్థులకు రెండు మాటలు. కారణము లేక స్పృహతప్పినను, ఉన్నట్టుండి దడ పుట్టినను గాలియని ఉపేక్షింపకుడు. దడ యుండగానే ఇ.సి.జి. తీయించి, ఆ కాగితమును ఇంటిపత్రములతో సమానముగా భద్రపఱుపుడు. ఇంట నెవరైన చిన్నవయస్సున హఠాత్తుగా మరణించియున్నచో ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పుడు.

మన నిధి చిన్నది. ఏటి కొక్క వైద్యునికన్న ఎక్కువమందికి చాలదు. ఒక్కరు చాలును. ఈ సంవత్సరమే మొదటివానిని ఎన్నుకొనుటకు సభవారు తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను.