అడుగని దోషము



నేడు విక్రయధర్మమును గూర్చి కొన్ని మాటలు విన్నవించెదము. దేవాలయ ప్రాంగణములో అమ్మకముల ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. మహాభారతము శాంతిపర్వములో జాజలి యను తపస్వి కథ కలదు. తన జటలలో పక్షులు గూడు కట్టి పిల్లలను చేసి ఎగిరిపోవువరకు కదలక నిలిచినవాడు. తనతో సమానుడగు ధర్మపరుడు లేడని అతడు పొంగినప్పుడు, అశరీరవాణి అతనిని మరియొక మునివద్దకు పంపలేదు. వారణాసిలో సరకులమ్ముకొను తులాధారుని వద్దకు పంపినది. ధర్మసూక్ష్మమును వ్యాసులవారు త్రాసు పట్టినవానిచేత చెప్పించినారు. ఇక మనకు సంకోచమెందులకు?

కల్వకుర్తిలో ఒక భక్తుడు మమ్మడిగిన ప్రశ్న ఈ ప్రసంగమునకు కారణము. అతనికి పాత డీజిలు ట్రాలీబండి యొకటి యున్నది. ఇంజను పాడైనది. దానిని తీసివేసి, విద్యుత్ మోటారును, బ్యాటరీలను తెచ్చి, ఇంటివద్దనే బిగించుకొని, రెండేండ్లు పల్లికాయ బస్తాలు తోలుకొన్నాడు. ఆ నేర్పు మెచ్చదగినదే. ఇప్పుడు అమ్మదలచినాడు; బేరమును కుదిరినది. "అయ్యగారూ, కొనేటాయన బ్యాటరీల సంగతి అడుగలే. అడుగంది నేనెందుకు చెప్పాలె?" అని అతని ప్రశ్న.

మన అంగడిలో ఎద్దును కొనువారు ఏమి చేయుదురో మీరెరుగుదురు. పండ్లు చూచి వయస్సు తెలిసికొందురు. సుడులు చూతురు. నడిపించి చూతురు. తువాలు క్రింద వ్రేళ్లు పట్టి ధర చెప్పుకొందురు. ఇంత చూచినను, చాలులో పండుకొను ఎద్దు అంగడిలో పండుకొనదు కదా! ఈ సంగతి మన స్మృతికర్తలకు చక్కగా తెలియును. అందువలననే యాజ్ఞవల్క్యుడు పరీక్షకు గడువులు పెట్టినాడు: ఇనుమునకు 1 దినము, పాడిపశువునకు 3 దినములు, బరువులు మోయు వాహ్యమునకు 5, రత్నములకు 7, విత్తనములకు 10. ఏ వస్తువు దోషము ఎన్నాళ్లకు బయటపడునో అన్నాళ్ల గడువు. నారదస్మృతి కొనువానిని కూడ విడిచిపెట్టలేదు. ముందుగా స్వయముగా పరీక్షించి కొనుమన్నది. కాని మంచిదానిని చూపి దోషము గలదానిని అంటగట్టినవాడు కొన్నవానికి రెండింతల మూల్యమును, దండముగా మరల అంతయు చెల్లింపవలెనని శాసించినది.

ఎద్దునకు పండ్లున్నవి. ఈ బండికి పండ్లేవి? బ్యాటరీలను పైనుండి చూచిన ఏమియు తెలియదు. నిండుగా చార్జి చేసి అమ్మకపు దినమున ఖాళీబండిని తోలి చూపిన, ముసలి బ్యాటరీ కూడ పడుచుదానివలె ఉరుకును. సీసపు బ్యాటరీలైనచో లిథియము వానికంటె చాల ముందుగా అలసిపోవును. వరుసలో ఒక్కటి బలహీనమైనను తక్కిన వానినన్నిటిని అది వెనుకకు లాగును. బస్తాలు వేసి ఎత్తెక్కించినప్పుడు గాని దాని నిజము తెలియదు.

ఇది ధనమునకు సంబంధించిన దోషము. ప్రాణమునకు సంబంధించినది మరియొకటి కలదు. దానిని నిదానముగా వినుడు. ఇట్టి డీజిలు బండిలో ఇంజనుతో తిరుగు చిన్న పంపొకటి గాలిని లాగివేసి శూన్యమును కల్పించును. ఆ శూన్యబలము తోడైనందుననే కాలితో మెల్లగా నొక్కినను బ్రేకు గట్టిగా పట్టును. ఇంజను తీసినచో ఆ బలము పోవును. దానికి బదులు ప్రత్యేకముగా విద్యుత్ పంపును అమర్చవలెను. అమర్చకున్నను, అమర్చినది నడుమ ఆగినను పెడలు రాయియగును; రెండు కాళ్లతో తొక్కినను బండి నిలువవలసిన చోట నిలువదు. దిగుడులో గేరులోనున్న ఇంజను బండిని పట్టియుంచును. మోటారు ఆ పని చేయవలెనన్న దానికి తగిన ఏర్పాటు వేరుగా ఉండవలెను. కొన్నవాడు కూరగాయలకే కొనవచ్చును. శివరాత్రి వచ్చునప్పటికి బంధువులను వెనుక నెక్కించుకొని శ్రీశైలము బయలుదేరును. సరకుబండిలో మనుష్యులను ఎక్కించుటయే తప్పు, అది వేరు మాట. మన్ననూరు దాటి, దోమలపెంట దాటి, కృష్ణవైపు మలుపులు దిగునప్పుడు ఆ పెడలు గట్టిపడినచో? అమ్మినవాడు ఆ సమయమున ఇంట భోజనము చేయుచుండును.

కావున మా సమాధానము: చెప్పవలెను. కొనువాడు అడుగనందున కాదు, అడుగుటకు వానికి తెలియనందున.

రాజశాసనము సంగతియు చెప్పవలసియున్నది. అనుమతి పొందిన కిట్టును అధికారమున్నవారిచేత బిగించుకొని, రవాణాశాఖ కార్యాలయములో రిజిస్ట్రేషను పత్రమునందు నమోదు చేయించుకొనవలెను. అనుమతిలేని మార్పునకు 2019 సవరణ చట్టము ప్రకారము ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరునెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. పత్రములో డీజిలు, బండిలో బ్యాటరీ ఉన్నచో కొన్నవాడు బీమా సొమ్మునకును వ్యాజ్యమాడవలసి రావచ్చును. పేరు మార్పించకుండ తాళపుచెవి ఇచ్చివేయువారు మరియొకటి వినవలెను. 2007లో అమ్మిన ఒక వాహనము చేతులు మారి మారి 2009లో ప్రమాదము చేసినది. పత్రములో పేరు మారలేదు. ఆ మొదటి యజమానియే పరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఒకే రాష్ట్రములోనైన 14 దినములలో అమ్మినవాడు ఆ సంగతి తెలియజేయవలెనని చట్టము.

"అన్నీ చెప్తే ఎవరు కొంటరు?" అని అతడు మరల అడిగినాడు. న్యాయమైన ప్రశ్నయే. ధర తగ్గును. పత్రములు సరిపడనిచో మోటారును, బ్యాటరీలను, ఇనుమును విడివిడిగా అమ్ముకొనవలసి వచ్చును. ఆడపిల్ల పెండ్లికి ఆ సొమ్ము అనుకొన్నాడట. మాకును మనస్సు నొచ్చినది. అయినను బ్యాటరీల వయస్సు, బరువుతో నడుచు దూరము, బ్రేకు పంపు సంగతి కాగితముమీద వ్రాసి, బయానా పుచ్చుకొనక ముందే చేతికిమ్మన్నాము.

బండి అప్పగించునప్పుడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయింతునన్నాడు. పత్రములన్నియు సరియైన పిదప, యాజ్ఞవల్క్యుడు వాహ్యమునకు చెప్పిన ఐదు దినములు కొన్నవానికిమ్మని, ధరలో కొంత పెద్దమనిషివద్ద నిలువ ఉంచుమని చెప్పినాము. వాడు బస్తాలు వేసి, ఎత్తులెక్కి, పల్లములు దిగి చూచుకొనవలెను. పూజ ఆరవ దినమున చేయుదము.