పాటలో పడిన పిలుపు



నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. ఎనభైల పాటల గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే కాదనలేక మీ ముందు నిలబడ్డాను.

ఆ దశాబ్దం మనకిచ్చిన సంపద మీకు తెలియనిది కాదు. 1980లో ‘శంకరాభరణం’, 1983లో ‘సాగర సంగమం’, 1984లో ‘సితార’, 1989లో ‘గీతాంజలి’. ఒకవైపు మహదేవన్ గారు, మరోవైపు ఇళయరాజా గారు. సరిగమలు రాని మా వీధి రిక్షా అతను కూడా ‘శంకరాభరణం’ పాటలు పాడుకుంటూ తొక్కేవాడు.

నేను 1977లో తెనాలిలో పుట్టాను. మా ఇంట్లో రేడియో వేరు, టేప్‌రికార్డరు వేరు. టూ-ఇన్-వన్ కొనే స్తోమత నాన్నకు లేదు. అందుకని విజయవాడ కేంద్రంలో మంచి పాట వస్తే చాలు, రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి, రెండు బటన్లూ కలిపి నొక్కి, ఇంటిల్లిపాదినీ ‘ష్’ అని అదిలించేవాణ్ణి. కుక్కరు కూత, కూరలమ్మి కేక, అన్నీ నాకు శత్రువులే.

1986లో ‘సిరివెన్నెల’ వచ్చింది. సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరులా నిలిచిపోయిన సినిమా. అందులో హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు! ఒకరాత్రి ఆ సినిమా పాట వస్తుంటే ఊపిరి బిగబట్టి రికార్డు చేస్తున్నాను. సరిగ్గా వేణువు అందుకునే చోట వంటింట్లోంచి మా నాయనమ్మ కేక: ‘‘ఒరేయ్ చిన్నోడా, అన్నం చల్లారిపోతోంది, రారా!’’

పాటంతా పాడైపోయిందని రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

నాయనమ్మ 1991లో పోయింది. 2021 నవంబరులో శాస్త్రి గారు పోయారని తెలిసినప్పుడు, అట్టపెట్టెలోంచి ఆ క్యాసెట్ తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కాలేజీలో నేర్చుకున్నది ఒకటే: సిగ్నల్ ఉంచు, నాయిస్ తీసెయ్. బరబర శబ్దం తీసేశాను. అంతలో ఆ కేక వినబడింది. పక్కనున్న మా అమ్మాయి ‘‘ఎవరు నాన్నా అది?’’ అంది.

‘‘మీ ముత్తవ్వ’’ అన్నాను. ఇంకేమీ చెప్పలేకపోయాను.

ఆ పాట ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. మా నాయనమ్మ గొంతు ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉంది. టూ-ఇన్-వన్ ఉండి ఉంటే, పాట లోపలి తీగల్లోంచే టేపు మీదికి వెళ్ళేది. ఇంట్లో మాట ఒక్కటీ పడేది కాదు. నాన్నకు అప్పుడు డబ్బు లేకపోవడమే నాకు మిగిలిన ఆస్తి.

ఇంజనీరుగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. క్యాసెట్ రీలు అంటే పల్చటి ప్లాస్టిక్ మీద ఇనుప ఆక్సైడు పూత. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూత పట్టు వదులుతుంది, రీలు అతుక్కుపోతుంది. వేడికీ తేమకీ ఇంకా త్వరగా పాడవుతుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పచ్చళ్ళతో పాటు అటక మీది క్యాసెట్లు కూడా తెచ్చుకోండి. కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. పాటల మధ్యలో ఎవరైనా మాట్లాడితే మాత్రం దయచేసి చెరపకండి.

సెలవు.